ఇంటిపేరు దాటి వచ్చిన బోసు

గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా బస్సు దిగి "బోసుగారి ఇల్లెక్కడండీ?" అని అడిగితే "ఏ బోసుగారు?" అనే ఎదురుప్రశ్న తప్పదు. మా యానాంలోనూ అంతే. చేపల రేవులో ఒక బోసు, ఎరువుల కొట్టులో ఒక బోసు, బడిలో లెక్కల మాస్టారు ఒక బోసు. ఒకరు సుభాష్ చంద్రబోస్, ఒకరు వెంకట చంద్రబోస్, ఒకరు ఒట్టి బోసుబాబు. వీరిలో బెంగాలు ముఖం చూసినవారు అరుదు. బెంగాలీ మాట ఒక్కటైనా వచ్చినవారు అంతకన్నా అరుదు. అయినా ఈ పేరును ఎవరూ పరాయిపేరని అనుకోరు. సత్యనారాయణ, సూర్యారావు ఎంత మనవారో బోసు కూడా అంత మనవాడే. పళ్ళూడే వయసులో ఆ పేరుగల కుర్రవాణ్ణి తోటిపిల్లలు "బోసినోటి బోసు" అని ఏడిపిస్తారంటే, పేరు మన భాషలో ఎంతగా కలిసిపోయిందో తెలుస్తూనే ఉంది.

ఎక్కడి బెంగాలు, ఎక్కడి గౌతమీ తీరం? ఈ పేరు ఇక్కడికి ఎందుకు వచ్చింది, వచ్చి ఎలా నిలిచింది అన్నది కొంచెం తీరికగా ఆలోచించదగిన విషయం. మనవంటి వాళ్ళకు, అంటే తెలుగుదేశపు గట్టు దాటి బయట ఉన్న తెలుగువాళ్ళకు, ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

అసలు బోస్ అన్నది మనిషి పేరు కాదు, ఇంటిపేరు. బెంగాలీలు రాసుకునేది 'బసు'. సంస్కృతంలోని 'వసు' శబ్దం దానికి మూలం. బెంగాలీలో వకారం బకారమవుతుంది, మొదటి అకారం ఒకారంగా పలుకుతుంది. అందుచేత వారి నోట అది ఇంచుమించు 'బోషు' అని వినిపిస్తుంది. ఇంగ్లీషు రాతలో 'బోస్' అయింది. మనం మన అలవాటు చొప్పున చివర ఒక ఉకారం తగిలించి 'బోసు' చేసుకున్నాం. చిత్రమేమిటంటే అలా చేయడంతో మనకు తెలియకుండానే బెంగాలీల ఉచ్చారణకు ఇంగ్లీషువారికన్నా దగ్గరగా పోయాం.

అక్కడ బసు, ఘోష్, మిత్ర అనేవి కాయస్థులలో కులీనులనిపించుకున్న కుటుంబాల పేర్లు. ఆ ఇంట పుట్టినవాడే బోస్. నేతాజీ మీద ఎంత భక్తి ఉన్నా బెంగాలులో ఒక ముఖర్జీగారు కొడుక్కి సుభాష్ అని పెట్టుకుంటారు గాని బోస్ అని పెట్టుకోరు. పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. మన దగ్గర మాత్రం పిల్లివారి అబ్బాయి నిక్షేపంగా సుభాష్ చంద్రబోస్ కావచ్చు. మనకు పక్కనే ఉన్న రామచంద్రపురం నుంచి శాసనసభకు ఎన్నికై, 2019లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిగా, 2020లో రాజ్యసభ సభ్యులుగా వెళ్ళిన పిల్లి సుభాష్ చంద్రబోస్ గారి పేరు అటువంటిదే. బెంగాలులో పుట్టుకతో మాత్రమే దొరికే పేరు గోదావరి ఒడ్డున ఇష్టపడ్డవారందరికీ దొరికింది. ఏ కులమని ఎవరూ అడగలేదు.

పూర్వం మనవాళ్ళ పేర్లు మూడు దారుల్లో వచ్చేవి. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి రావడం మొదటిది. ఇలవేలుపు పేరో, మొక్కుకున్న దేవుడి పేరో పెట్టడం రెండోది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట మృత్యువు కన్నుకప్పడానికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పెట్టడం మూడోది. బతికున్న మనిషి పేరు, అందులోనూ ముఖం చూడని పరాయి ప్రాంతపు మనిషి పేరు పెట్టుకోవడం ఈ మూడింటిలో దేనికీ చెందదు. ఆ నాలుగో దారిని వేసింది జాతీయోద్యమం.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యాసాలిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిని తెలుగుచేసి వినిపించారు. వందేమాతరం బిళ్ళలు పెట్టుకున్నందుకు విద్యార్థులు కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. బెంగాలుకూ గోదావరికీ మధ్య అప్పుడు పడ్డ ముడి తరవాత రవీంద్రుడి కవిత్వంతో, శరత్ నవలల అనువాదాలతో ఇంకా బిగిసింది. చిత్తరంజన్, రవీంద్రనాథ్, శరత్‌చంద్ర, వివేకానంద అనే పేర్లు తెలుగు బళ్ళ హాజరుపట్టీల్లోకి ఎక్కాయి. బెంగాలొక్కటే కాదు, మహారాష్ట్ర కూడా తన వాటా ఇచ్చింది. లోకమాన్యుడు 1920 ఆగస్టు 1న కన్నుమూశాడు. సరిగ్గా ఏడాదికి, 1921 ఆగస్టు 1న తణుకు దగ్గర మండపాకలో దేవరకొండవారింట పుట్టిన బిడ్డ బాలగంగాధర తిలక్ అయ్యాడు. మన కవి తిలక్ ఆయనే.

కొందరు మనిషి పేరు కాక సంఘటన పేరే పెట్టుకున్నారు. మనకు కూతవేటు దూరంలో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, నాస్తికత్వం మీద వ్యాసం రాసినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న గోరా గారు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుక్కి సమరం అని పేర్లు పెట్టారు. తొమ్మిదో బిడ్డకు 'నౌ' అన్నారు, అంటే హిందీలో తొమ్మిది. ఆ రోజుల్లో పేరు పెట్టడమంటే దేశం సంగతుల్లో తామూ ఒక చెయ్యి వేయడమే.

ఇక బోసు దగ్గరకు వద్దాం. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో సుభాష్ చంద్రబోస్ ఓడించింది ఎవరినో కాదు, తెలుగువారైన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిని. తేడా రెండువందల పైచిలుకు ఓట్లు. పట్టాభి ఓటమి నా ఓటమి అని గాంధీజీ ప్రకటించడం అందరికీ తెలిసినదే. మా బ్యాంకు ఉద్యోగులకు పట్టాభి గారంటే ప్రత్యేక గౌరవం. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పినది ఆయనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేదాకా తెలుగువారి డబ్బుకు అదొక ఇంటి చిరునామా. అంతటి పెద్దమనిషిని ఓడించిన పరాయివాడి పేరును తెలుగువాళ్ళే మరి కొన్నేళ్ళలో తమ కొడుకులకు పెట్టుకున్నారంటే, పేరు పెట్టే చోట ప్రాంతాభిమానం పెద్దగా పనిచేయలేదన్నమాట. పైగా ఒకే ఇంట్లో అన్న పట్టాభి, తమ్ముడు బోసు ఉన్న కుటుంబం నాకు తెలుసు. ఆ ఇంట్లో త్రిపురి కాంగ్రెసు రోజూ జరిగేదని వాళ్ళమ్మగారు నవ్వుతూ చెప్పేవారు.

ఆ మార్పుకు కారణం యుద్ధం. యుద్ధం మన తీరానికి పత్రికల్లో మాత్రమే రాలేదు. యానాం పక్కన ఉన్న కోరంగి ఒకప్పటి పెద్ద ఓడరేవు. 1839 తుపానుకు రేవు నాశనమైనా, ఆ పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో స్థిరపడింది. అక్కడ తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచేవారు. రంగూను రేవులో బరువులు మోసినవారిలో, రిక్షాలు లాగినవారిలో మనవాళ్ళు ఎందరో. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో నగరం జపానువారి వశమైంది. వేలాది మంది అడవులూ కొండలూ పట్టి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. ఆ ఏడే ఏప్రిల్ 6న విశాఖపట్నంతోపాటు కాకినాడ మీద కూడా జపాను బాంబులు పడ్డాయి.

తిరిగి రాలేక బర్మాలో, మలయాలో చిక్కుపడిపోయిన వారి మధ్యకే 1943లో నేతాజీ వచ్చాడు. జూలై 4న సింగపూరులో రాస్ బిహారీ బోస్ చేతినుంచి ఉద్యమ పగ్గాలు అందుకున్నాడు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించాడు. 1944 మొదట్లో తన ప్రధాన స్థావరాన్ని రంగూనుకు మార్చాడు. రబ్బరు తోటల్లో, రేవుల్లో పనిచేసే కూలీలు ఆయన మాట విన్నారు. వారిలో అరవవారు, తెలుగువారు కలిసే ఉన్నారు. 1945 ఆగస్టు 18న తైపేలో విమానం కూలి ఆయన మరణించాడన్న వార్త వచ్చింది. ఆ ఏడు నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల మీద విచారణ మొదలైంది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నౌకాదళం తిరగబడింది. ఈ ఆరు నెలల్లో దేశంలో ప్రతి ఇంటా వినబడిన పేరు ఒక్కటే. మరణించాడో లేదో తెలియని మనిషిని బతికించుకోవడానికి సామాన్యుడికి తెలిసిన ఉపాయం ఒక్కటే, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టడం.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో పొదుపుఖాతాల లెడ్జర్లు చేత్తో రాసేవాళ్ళం. అప్పటి ఖాతాదారుల్లో బోసు అన్న పేరుగల పెద్దవాళ్ళ పుట్టిన తేదీలు చూస్తే 1945కూ 1950కీ మధ్యవే ఎక్కువగా కనిపించేవి. బళ్ళో వేసిన తేదీలను అంతగా నమ్మకూడదన్న మాట నిజమే. మాస్టారు జూన్ అంటే జూన్, జూలై అంటే జూలై. కాని ఏడాది అంత తేలిగ్గా తప్పదు. తరవాతి తరంలో జనవరి 23న పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టడం, తాత బోసు పేరు మనవడికి రావడం మొదలైంది. కొత్త పేరు పాత సంప్రదాయంలో కలిసిపోవడం అంటే ఇదే. కథోలిక కుటుంబాల్లో 1934లో పునీతుడైన జాన్ బోస్కో పేరు పెట్టుకున్నవారిని కూడా ఇంట్లో బోసు అనే పిలవడం నేను విన్నాను. ఆ విధంగా ఇటలీ దేశపు గురువుగారు, బెంగాలు సేనాని ఒకే పిలుపులో కలిశారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. యానాం అప్పట్లో బ్రిటిషువారిది కాదు, ఫ్రెంచివారిది. బ్రిటిషువారితో యుద్ధం చేసినవాడి పేరు ఫ్రెంచి ఊళ్ళో ఎందుకు నిలిచింది? సరిహద్దు పటంలో ఉండేది గాని పెళ్ళిళ్ళలో, కూలి పనుల్లో, ఓడ ప్రయాణాల్లో ఉండేది కాదన్నది ఒక జవాబు. మరో జవాబు బెంగాలులోనే ఉంది. కలకత్తాకు దగ్గరలోని చంద్రనగరు 1950 వరకు ఫ్రెంచివారిదే. యానాంకు ఏ జెండా ఎగిరిందో దానికీ అదే జెండా, ఇద్దరికీ పుదుచ్చేరి గవర్నరే పెద్ద. నేతాజీకి పగ్గాలు అప్పగించిన రాస్ బిహారీ బోస్ చదువుకున్నది ఆ చంద్రనగరులోనే. బ్రిటిషు పోలీసుల చేతికి అందకుండా అరవింద ఘోష్ 1910లో ముందు తలదాచుకున్నది చంద్రనగరులో, తరవాత చేరుకున్నది పుదుచ్చేరిలో. యానాం విమోచనకు 1954 జూన్ 13న నడుం కట్టిన వారిలో దడాల రఫేల్ రమణయ్య గారితో పాటు కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకరాచారి గారు కూడా ఉన్నారు. కాబట్టి బోసు దారి ఈ ఊరికి కొత్త కాదు. రమణయ్య గారి పేరే చూడండి. తెలుగు ఇంటిపేరు, క్రైస్తవుల రఫేలు, తెలుగు రమణయ్య. మూడు లోకాలు ఒక్క సంతకంలో ఇమిడాయి.

ఇక అసలు కిటుకు. బోసు, గాంధీ, నెహ్రూ, పటేలు, తిలక్, ఠాగూరు, ఇవన్నీ ఆయా నాయకుల ఇంటిపేర్లే. గుజరాతీలో గాంధీ అంటే సరుకులమ్మేవాడు. కాలువ ఒడ్డున ఇల్లున్నందువల్ల కాశ్మీరు కౌల్ కుటుంబానికి నెహ్రూ అన్న పేరు వచ్చింది, నహర్ అంటే కాలువ. డెల్టాలో కాలవగట్టున పుట్టిన మనవాళ్ళకు ఆ పేరు తగినదే. జగ్గంపేట జ్యోతుల నెహ్రూ, విజయవాడ దేవినేని నెహ్రూ, శేరిలింగంపల్లి అరెకపూడి గాంధీ వంటి పేర్లు విన్న ఉత్తరాది మిత్రులు తికమకపడతారు. వారికి చివరి మాట వంశాన్ని చెబుతుంది. మనకు వంశం ముందు, మనిషి వెనక. దానికి తోడు ఇంగ్లీషు చదువు వచ్చి, ముందున్నవన్నీ పొడి అక్షరాలుగా కుదించి చివరి మాటను మాత్రం పూర్తిగా రాయడం నేర్పింది. పి.ఎస్.సి. బోస్ అన్నప్పుడు నిలబడేది బోసే. అందుకని ఇంట్లో సుభాషూ కాడు, చంద్రుడూ కాడు, బోసే అవుతాడు. బెంగాలులో ఆయనను సుభాష్‌బాబు అన్నారు. మనం ఆయన ఇంటిపేరుతో మన పిల్లవాణ్ణి ముద్దుచేశాం.

పుదుచ్చేరి, చెన్నై, మదురైలలో ఉన్న మన పాఠకులకు ఇది కొత్త కాదు. తమిళులు తండ్రి పేరు మొదటి అక్షరం ముందు పెట్టి సొంతపేరు చివర రాస్తారు. అందుచేత వారిలోనూ ఇదే జరిగింది. ముత్తురామలింగ తేవర్ ఫార్వర్డ్ బ్లాకును నడిపిన మదురై ప్రాంతంలో బోస్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. 1953 మార్చి 1న పుట్టిన కరుణానిధి గారి కుమారుడికి, ఆ నెల 5న చనిపోయిన సోవియట్ నాయకుడి పేరు పెట్టారు. 2021లో తమిళనాడు ముఖ్యమంత్రి అయిన స్టాలిన్ ఆయనే. మన కమ్యూనిస్టు కుటుంబాల్లో లెనిన్‌బాబులు, ఓల్గాలు వచ్చిందీ ఆ దారినే.

ఫ్రెంచివారి పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం స్వమతాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వచ్చేవారు ఒక ఇంటిపేరును ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. పుదుచ్చేరిలో ఇంటిపేర్లు లేని తమిళులు అలా కొత్తవి కల్పించుకున్నారు. అక్కడ ఇంటిపేరు లేనివాడికి సర్కారు ఇంటిపేరు ఇచ్చింది. ఇక్కడ ఇంటిపేరు ఉన్నవాడు ఇంకొకరి ఇంటిపేరును సొంతపేరుగా పుచ్చుకున్నాడు. ఫ్రెంచి రాతలో నాయుడు, రాజు వంటి పేర్ల చివరి ఉకారానికి ఓ, యూ అని రెండక్షరాలు పడేవి. ఇప్పటికీ పాత కాగితాల్లో అవి కనిపిస్తే గుమాస్తాలు తప్పు రాశారనుకుంటారు.

పేరు మారితే డబ్బు ఎలా చిక్కుపడుతుందో బ్యాంకులో పనిచేసేవారికి తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఒక చేపల వ్యాపారి చనిపోతే ఆయన భార్య ఖాతా సొమ్ము కోసం వచ్చింది. పాసుపుస్తకంలో బోసుబాబు. మరణ ధ్రువపత్రంలో సుభాష్ చంద్రబోస్. ఆధారు కార్డులో చంద్రబోస్ ముందుకు వచ్చి ఇంటిపేరు చివరకు పోయింది. మూడూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్టు, ఇద్దరు తెలిసినవారి సంతకాలు పుట్టించేసరికి ఆమె చెప్పులు అరిగాయి. అది తొమ్మిదివేల చిల్లర సొమ్ము. "మా మావగారు మోజుపడి పెట్టిన పేరండీ. ఎన్ని రకాలుగా రాస్తే మాత్రం, మనిషి ఒక్కడే కదా" అన్నదామె. మనిషి ఒక్కడే. కాని దరఖాస్తులో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులున్నాయి. మన పేర్లు ఆ గడుల కోసం పుట్టినవి కావు.

నేను మొదట చెప్పిన హెచ్చరిక ఇక్కడే ఉంది. విదేశాలకు వెళ్ళిన మన బోసుల పాస్‌పోర్టుల్లో కొందరికి చివరి మాటే ఇంటిపేరుగా పడింది. అక్కడ వారిని బెంగాలీలనుకుంటారు. స్పీకర్ల కంపెనీ పెట్టిన అమర్ బోస్ బంధువులా అని అడుగుతారు. అంతటితో పోదు. అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి చివరి మాటే వంశనామం అవుతుంది. అంటే ఇంటిపేరుగా బయలుదేరి, మన దగ్గర మనిషి పేరై, మూడో తరంలో మళ్ళీ ఇంటిపేరైంది బోసు. ఈ చక్రం తిరిగేటప్పుడు దాని కింద నలిగిపోయింది అసలు తెలుగు ఇంటిపేరు. ఏ ఊరినుంచి వచ్చాం, ఎవరికి ఏమవుతాం, ఎవరితో వియ్యమందవచ్చు, ఎవరితో కూడదు అన్నదంతా ఆ ఒక్క మాటలో ఉండేది. మలేషియాలో పేరు వెనక 'ఫలానావారి కొడుకు' అన్న రెండక్షరాలు చేరి మన ఇంటిపేర్లు ఎన్నో వాడుకలోంచి తప్పుకున్నాయి. తమిళనాట మనవాళ్ళు వాటిని వదిలి తండ్రి పేరు మొదటి అక్షరంతో సరిపెట్టుకున్నారు. భాష పోయాక కూడా కొన్నాళ్ళు నిలిచి ఉండేది ఇంటిపేరే. అదీ పోతే ఆనవాలు దొరకదు.

బోసు పేరు ఇప్పుడు కొత్త పిల్లలకు పెట్టడం తగ్గింది. రెండక్షరాల సంస్కృతం పేర్లు, అర్థం అడిగితే తల్లిదండ్రులే ఫోనులో వెతికే పేర్లు వస్తున్నాయి. దాన్ని తప్పుపట్టనక్కరలేదు. ప్రతి తరమూ తన ఆశను తన పిల్లల పేర్లలో రాసుకుంటుంది. 1945లో మన ముత్తాతలు రాసుకున్న ఆశ పేరు బోసు. అది వృథా పోలేదు. 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కారు వేదిక మీద ఒక తెలుగు పాటకు బహుమానం అందుకున్నవారు ఇద్దరు. స్వరకర్తది ఒక రాగం పేరు, కీరవాణి. రచయిత చంద్రబోస్, వరంగల్లు వైపు చల్లగరిగలో పుట్టిన కనుకుంట్లవారి అబ్బాయి. ఆ వేళ ప్రపంచం విన్నది చంద్రబోస్ అన్న పేరునే. కనుకుంట్ల అన్నది విన్నవారు తక్కువ.

అందుకే ఈ పత్రిక చదివే తెలుగు కుటుంబాలకు నా మనవి ఒక్కటి. పిల్లలకు నచ్చిన పేరు పెట్టుకోండి, ఏ దేశపు వీరుడి పేరైనా పెట్టుకోండి. జనన నమోదు కాగితంలో, బడి దరఖాస్తులో, బ్యాంకు ఖాతాలో మాత్రం ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకుండా పూర్తిగా, అన్నిచోట్లా ఒకే విధంగా రాయించండి. పరాయివారి ఇంటిపేరును కన్నబిడ్డలా సాకిన వాళ్ళం, మన ఇంటిపేరును మనమే పోగొట్టుకోవడం న్యాయం కాదు.